టైముకి వచ్చిన కర్చీఫ్

ఆ సోమవారం ఉదయం ఎనిమిది గంటల అయిదు నిమిషాలకు మొదలైంది ఇదంతా. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ రోజుల్లో బందరు నుంచి గుడివాడ వెళ్ళే ప్యాసింజరు ఎన్నింటికి కదిలిందో రోజూ నోటుపుస్తకంలో రాసుకునే మనిషిని ప్లాట్‌ఫారం మొత్తానికి నేనొక్కదాన్నే. ఇరవై రెండేళ్ళదాన్ని, గుడివాడలో ఒక ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. (ఇప్పటికీ రాస్తాను, పాలు వచ్చిన వేళ, కరెంటు పోయిన వేళ. ఎవరూ అడగరు.) రైలు కదలాల్సింది ఎనిమిది అయిదుకి. నలభై ఒక్క రోజులు రాసి చూస్తే ఒక్కనాడూ ఎనిమిది పదకొండుకి ముందు కదల్లేదు.

రైలు ముందే వచ్చి నిలబడి ఉండేది. ఆడవాళ్ళ పెట్టెలో ఎవరి సీటు మీద వాళ్ళం కర్చీఫ్ పరిచి, సంచీ పెట్టి, స్టేషను బయట ఇడ్లీ కొట్టుకి వెళ్ళడం మా అలవాటు. కర్చీఫ్ వేస్తే మనిషి కూర్చున్నట్టే లెక్క. దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నాకు మాత్రం ఆ వారం గండంగానే ఉంది. శనివారంతో ప్రొబేషన్ పూర్తవుతుంది. రిజిస్టరులో అప్పటికే నా పేరు మీద రెండు ఆలస్యాలున్నాయి. మూడోది పడితే మరో మూడు నెలలు పొడిగిస్తామని ఆఫీసరుగారు ముందే చెప్పారు.

ఎనిమిది నాలుగుకి, రోజూ నాతో వచ్చే టీచరమ్మగారు అడిగారు. "అమ్మాయ్, ఇంకో వాయి దిగుతోంది. తినొచ్చంటావా?"

"ఏడు నిమిషాలుందండీ. నలభై ఒక్క రోజుల లెక్క."

"ఈ పిల్ల ఉండగా ఇంక గార్డెందుకండీ" అంటూ మాతో ఉన్న నర్సక్క చట్నీ మళ్ళీ వేయించుకుంది.

అప్పుడే, సరిగ్గా ఎనిమిది అయిదుకి, మా రైలు కూత వినబడింది. ముగ్గురం పరుగెత్తేసరికి మా పెట్టె మమ్మల్ని దాటిపోతోంది. గుమ్మంలో గంప పక్కన చేపలత్త కూర్చుని ఉంది. సముద్రం వైపు పల్లె నుంచి వచ్చి, గుడివాడలో అమ్ముకుంటూ మా ఆఫీసు వరండాలో కూడా గంప దింపేది. మమ్మల్ని చూసి చెయ్యెత్తి అంది. "మీ సీట్లు నే చూత్తాలే అమ్మాయిగారూ, కంగారు పడమాకండి."

"విన్నావుగా. సీట్లకేం ఢోకా లేదు" అన్నారు టీచరమ్మగారు, ఆయాసపడుతూనే.

తొమ్మిది దాటాక దొరికిన బస్సెక్కాం. పెడన దాటాక గేటు పడింది. ఆఫీసు మెట్లెక్కేసరికి పది నలభై రెండు. నా కుర్చీలో నా కర్చీఫ్ శుభ్రంగా పరిచి ఉంది, దాని మీద నా సంచీ.

"తొమ్మిదిమ్ముప్పావుకే మీ చేపలావిడ వేసి వెళ్ళిందమ్మా" అన్నారు ఆఫీసరుగారు. "మనిషి వత్తంది, ఎవురూ కూకోవద్దని చెప్పింది. ఇందాక స్టెనోగారు కూర్చోబోతే వరండాలోంచే కేకేసింది."

ఆయనా రోజూ బెజవాడ నుంచి రైల్లో వచ్చే మనిషే. రిజిస్టరు నా ముందుకి జరిపారు. "కర్చీఫ్ పదింటిలోపే వచ్చింది. నాకది చాలు. సంతకం పెట్టండి." టైము గడి ఖాళీగా ఉంది. మరొకరైతే పది అని వేసి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నేను పది నలభై రెండు వేశాను.

ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టారు. "మీ వాచీ ఏమైనా ముందుకి నడుస్తోందేమో చూసుకోండమ్మా."

"లేదండీ. పొద్దున్నే రేడియోతో సరిచూశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎర్ర పెన్ను అందుకున్నారు.

మర్నాడు పెట్టెలో చేపలత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నేనంత కట్టపడి సీటు పట్టి పెడితే, నీ అంతట నువ్వే వదులుకున్నావంట గదా. ఏం చదువులమ్మా మీయి."

ఇప్పుడు రైలెక్కడుందో ఫోనులోనే కనబడుతుంది. అయినా మోపిదేవి గుడికి వెళ్ళే బస్సుకి కూడా ముప్పావుగంట ముందే వెళ్ళి కూర్చుంటాను. పక్క సీటు మీద కర్చీఫ్ వేస్తాను, నాతో ఎవరూ రాకపోయినా. చట్నీ చేత్తో ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇంకా పరుగెడుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆ రోజు పోయినవి: మూడు నెలలు, ఇడ్లీలు ఒకటిన్నర, ఎన్ని ఉతుకులకీ చేపల వాసన వదలని కర్చీఫ్ ఒకటి, నోటుపుస్తకం మీద ముగ్గురి నమ్మకం. (ముగ్గురిలో నేనూ ఉన్నాను.)