పోపుల డబ్బా మాట

మా ఆవిడ చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న దగ్గర్నుంచి, నానక్‌రామ్‌గూడలోని మా ఫ్లాట్‌లో వంట నా నెత్తిన పడింది. రిటైరైన ఇంజనీరును కదా, దినుసులన్నీ సీసాల్లో పోసి, చీటీలు అంటించి, అరలనిండా అందంగా సర్దాను. తీరా పప్పులోకి పోపు పెట్టబోతే జీలకర్ర ఒక అరలో, ఎండుమిర్చి ఎక్కడో పైన. నేను వెతికేలోపు మూకుట్లో ఆవాలు మాడిపోయాయి. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "పోపుల డబ్బా ఉన్నది ఎందుకండీ మరి?" అంది. ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను, అందుకే నవ్వలేకపోయాను.

మాదాపూర్ ఆఫీసులో బస్సు టికెట్ల ప్రోగ్రాం రాసే రోజులవి. ఒక్కో సీటు వివరాన్ని మెమరీలో ఖాళీ దొరికినచోట పడేసి, ఒకదానికొకటి ముడివేసే లింక్డ్ లిస్టు అంటే అప్పట్లో మా ప్రోగ్రామర్లందరికీ ప్రాణం. అది రాయడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. కర్నూలు నుంచి వచ్చి నా కింద కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, ఆ ముళ్లన్నీ విప్పేసి, కలిపి చూడాల్సిన వివరాలను వరసగా పక్కపక్కనే పెట్టింది. మెమరీలోంచి ఒకటి అడిగితే దాని పక్కనున్నవి కూడా దగ్గరున్న చిన్న గూటిలోకి, అంటే క్యాష్‌లోకి, వచ్చేస్తాయి కనుక మళ్లీ మళ్లీ అంత దూరం పోనక్కర్లేదని ఆమె ఉద్దేశం. రివ్యూలో అందరి ముందూ, "పోపుల డబ్బా మాదిరి సార్, ఒకసారి తెచ్చుకుంటే అన్నీ చేతికందుతాయి" అంది. ఇది వంటిల్లు కాదమ్మా అన్నాను. అందరూ నవ్వారు. నేను అంతటితో ఊరుకోక, ఆ కోడ్ నడిపి చూడకుండానే తిప్పికొట్టి, ఆమె ప్రొబేషన్ కాగితం మీద పునాదులు బలహీనమని రాశాను. ఆమె ఉద్యోగం పోయింది. వెళ్లేరోజు నా సీటు దగ్గరికి వచ్చి, వెళ్లొస్తానని మర్యాదగా చెప్పింది కూడా.

ఆర్నెల్లకు రద్దీ పెరిగి ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంటే, దిక్కుతోచక ఆమె కోడ్ బయటికి తీసి నడిపాను. అదే మెషీన్ మీద పరుగెత్తింది. అప్పుడైనా నిజం చెప్పవలసింది, చెప్పలేదు. పోపుల డబ్బా మాట మింగేసి, దానికి గంభీరమైన ఇంగ్లీషు పేరొకటి తగిలించి, నా పనిగా పైవాళ్లకు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఇప్పుడా ఆఫీసు అద్దాల మీద వేరే కంపెనీ పేరుంది. ఇప్పటి పిల్లలు ఎవరేం చెప్పినా ముందు నడిపి, కొలిచి చూస్తారట. నేను మాత్రం చెప్పిందేమిటో చూడలేదు, చెప్పిందెవరో చూశాను. ఆమె నంబరు నా పాత డైరీలో ఇంకా ఉంది. అప్పట్లో ఫోన్ చెయ్యడానికి తీరిక లేదని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తీరిక బోలెడుంది, మొహమే చెల్లడం లేదు.