సాంబయ్య గారి ఎడమ తలుపు

2022 వేసవి. జగ్గయ్యపేటలో హైవే పక్కనున్న నా షెడ్డులో బాడీలు కట్టే పని దాదాపు ఆగిపోయింది. కంపెనీలే తొట్టి బిగించి బళ్ళు అమ్ముతుంటే మా గడప తొక్కేదెవరు? పొద్దస్తమానం నేనూ, నా వెల్డింగ్ మిషనూ. మాట్లాడే మనిషి లేక రేకుల్ని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

అలాంటి రోజుల్లో పెనుగంచిప్రోలు నుంచి సాంబయ్య గారు ఒక పాత పికప్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ఆయనకు అరవై దాటాయి, బండి చూస్తే ఆయనకంటే పదేళ్ళే చిన్నదేమో అనిపించింది. ఆయనా, నాగులనే స్నేహితుడూ ఇరవై రెండేళ్ళు అందులో మిర్చి బస్తాలు తోలారు. కిందటేడు నాగులు పోయాడు. బండి ఛాసిస్, అంటే మొత్తం బరువు మోసే ఇనుప చట్రం, తుప్పు తినేసి రాలిపోతోంది.

“కొత్త ఛాసిస్ కొన్నా మేస్త్రీ. దాని మీద ఈ బాడీ ఎక్కించి పెట్టు. వాడు కూర్చున్న చోటు ఇదొక్కటే మిగిలింది నాకు.”

“కాగితాల్లో బండంటే ఛాసిస్సేనండీ. మీ పాత నంబరు రాదు.”

“పోతే పోనీవయ్యా. నంబరుతో కబుర్లు చెప్పానా ఏంటి?”

అనుమతి కాగితాలు వచ్చాక పని మొదలుపెట్టాను. కొత్తదాని వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, తొమ్మిది అంగుళాలు ఎక్కువ. తొట్టి కోసి, రేకు అతికి పొడుగు చేశాను. కుదుపులకు పాత రేకు చీలకుండా బాడీ కింద రబ్బరు బుష్‌లు వేశాను. ఎవరూ చెప్పని పని కూడా ఒకటి చేశాను. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. హ్యాండిల్‌నీ గడియనీ కలిపే లింక్ రాడ్, ఒక సన్న ఊచ, ఎప్పుడో విరిగిపోయింది. కొత్తది వంచి వేశాను. చేతిలో పడ్డ బండిని లోపంతో పంపితే మేస్త్రి పరువేం కాను?

ట్రయల్‌కి నందిగామ దాకా వెళ్ళాం. ఆయన తోలారు, నేను పక్కన కూర్చున్నాను. దారంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. టీ కొట్టు దగ్గర ఆపి, దిగి, గబగబా నా వైపు వచ్చారు. అప్పటికే నేను తలుపు తెరుచుకుని దిగిపోయాను. ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయింది.

“అదెట్లా తెరుచుకుంది?”

“బాగుచేశానండీ,” అన్నాను గొప్పగా.

“ఆగిన ప్రతిచోటా తిట్టుకుంటూ వచ్చి తీసేవాణ్ణయ్యా ఈ తలుపు. వాడు దొరలాగా కూర్చుని నవ్వేవాడు. మళ్ళీ ఎట్లా ఉందో అట్లా చేసెయ్.”

“ఇప్పుడు ఆ పక్కన ఎవరెక్కుతారండీ?”

“ఎవరూ ఎక్కరు. చేసెయ్.”

షెడ్డుకు తిరిగొచ్చి తలుపు లోపలి అట్ట విప్పాను. ముప్పై ఏళ్ళ పనిలో బాగున్నదాన్ని చెడగొట్టడం అదే మొదలు. ఊచ లాగడానికి రెండు నిమిషాలు చాలు, నాకు మాత్రం చేతులు రాలేదు. ఎలాగో తీశాక లోపల కూర్చుని హ్యాండిల్ లాగి చూశాను. తెరుచుకోలేదు. సాంబయ్య గారు చుట్టూ తిరిగొచ్చి తలుపు తీశారు. నేనే వెంటనే దిగలేకపోయాను. నా కోసం అలా నడిచొచ్చి తలుపు తీసిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి, బండి రాగానే ఏం చెయ్యాలో అడిగాక, ఏది ముట్టుకోకూడదో కూడా అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం నవ్వకుండా బండి చుట్టూ తిరిగి, ఒకచోట ఆగి, వేలుపెట్టి చూపిస్తారు.