దేనికి బయమే అని అడిగిన తాత

పోయిన మంగళవారం నాన్న డ్యూటీ దిగి వచ్చి, సైకిలు గోడకు ఆనించకుండానే చెప్పారు: "మేస్త్రి తాత పోయినాడమ్మా." ఊరి అవతల మలంచా పేటలో కొడుకు ఇంట్లో, పొద్దున్నే స్నానం చేసి, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుని అలాగే కన్ను మూశారట. రెండేళ్లుగా ఆయాసంతో ఆయన పడిన అవస్థ చూసినవాళ్లం. అందుకే ఏడుస్తూనే అందరం ఊరట పడ్డాం.

ఆయన మాకు చుట్టం కారు. పనికోసం మావాళ్లు వచ్చి స్థిరపడిన ఈ పరాయి రాష్ట్రపు ఊళ్లో, పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లలో మా ఎదురింటివారు. వర్క్‌షాపులో ఎందరికో ఇనుము చెక్కే లేత్ మిషను మీద పని నేర్పారు. కొత్తవాళ్లు ఇనుపముక్క పాడుచేస్తే తిట్టేవారు కాదట. దాన్ని వాళ్ల చేతిలోనే పెట్టి అడిగేవారట: "నీ సెయ్యి ఏటి సేసింది? కన్ను ఏటి సూసింది? అప్పుడు నీ మనసెక్కడుంది?" జవాబు దొరికేదాకా ఆ ముక్క కింద పెట్టనిచ్చేవారు కాదు. "తిట్లు తినీసినోడు ఇంక ఆలోసించడు" అనేవారు.

మా వంశంలో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. వీధిలో ఆడవాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చే ఉత్తరాలు నాచేతే చదివించుకునేవారు. "సదూకున్న పిల్ల" అని నా పేరు. ఆ పిల్ల పదో తరగతి స్కూల్ ఫైనల్లో లెక్కలు తప్పింది. ఇంట్లో మాత్రం ఫలితాల్లో నా నంబరు ఇంకా రాలేదని చెప్పాను. తొమ్మిది రోజులు అన్నం సహించలేదు.

తొమ్మిదో రోజు తాత తన మెట్ల మీంచి పిలిచారు. "ఏటే అమ్మీ, మొకం అలాగైపోనాది?"

చెప్పేశాను.

"ఇంట్లో ఎందుకు సెప్పలేదు?"

"నాన్నంటే భయం."

"కొడతాడా?"

"కొట్టరు."

"సదువు మానిపిత్తాడా?"

"ఛ, మానిపించరు."

"మరైతే నీ బయం ఆడి మీద తోసీసినావేటే, పాపం! ఇంకోపాలి సూసుకో. దేనికి బయం?"

నాకు కోపం వచ్చింది. "తెలీదు తాతా!"

"తెలీదా? ఠీక్ హై. కూకో. నాకేటి డ్యూటీ లేదు."

కూర్చున్నాను. వర్క్‌షాపు సైరను మోగే వేళకి నా నోటి వెంట అదే వచ్చింది: "ఉత్తరం పట్టుకుని ఇంక ఎవరూ రారు తాతా. సదూకున్న పిల్ల అని ఎవరూ అనరు."

లెక్కలు పోయినందుకు కాదు, ఆ పేరు పోతుందని నా బాధ. చెప్పుకోవడానికే సిగ్గేసింది.

"దొరికిందా? ఇప్పుడు సూడు, నువ్వు మోసినంత బరువుందా అది?"

లేదు. నిజంగా లేదు.

నాన్న ఇంటికొచ్చి చేతులకంటిన నూనె కడుక్కుంటూ ఉండగా చెప్పాను. చాలాసేపు సబ్బు రుద్దుతూనే ఉన్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు: "ఫిట్టరు పనికెట్టే ట్రేడ్ టెస్టు నాను రెండుపాల్లు తప్పినానే. పోస్టులు లేవని మీ అమ్మకి సెప్పినాను."

లోపల్నుంచి అమ్మ గొంతు: "బాగున్నాది సంబడం! తండ్రికీ కూతురికీ ఒకటే జబ్బు!"

అన్ని రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను. మర్నాడే పక్కింటి అత్త ఉత్తరంతో వచ్చింది. "తప్పితే తప్పినావులే, లెక్కలతో నాకేటి పని? ఇది సదివెట్టు."

మరుసటి ఏడు నేను గట్టెక్కాను. నాన్న మూడోసారీ తప్పి, నాలుగోసారి ఫిట్టరయ్యారు. ఇప్పటికీ మనసు బాగోలేనప్పుడు ఎదుటివాళ్ల పేరు చెప్పబోయి ఆగి, "దేనికి బయం?" అని మళ్లీ నన్ను నేనే అడుగుతాను. వచ్చే జవాబు ఒక్కోసారి నాకు నచ్చదు. అయినా తెలిశాక తేలికవుతుంది. ఆయన నాకిచ్చింది ఈ అలవాటు.

నేను తప్పిన ఆ వేసవి సాయంత్రాలు మా వరండాలో ఒకే చాప మీద నేను లెక్కలు చేసేదాన్ని, నాన్న టెస్టు కోసం ఇనుపముక్కను ఆకురాయితో నున్నగా చేసేవారు. తాత మా మధ్య కూర్చుని, గోడకి చేరబడి కళ్లు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని రాని లెక్క వదిలేసి నేను కాగితం తిప్పితే, ఆ చప్పుడుకి కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి, దాన్ని మెల్లగా వెనక్కి తిప్పేవారు.