నోట్లో ఉండేదంతా నా పనే

పుంగనూరులో నా పంటి ఆసుపత్రికి ఒక మధ్యాహ్నం ఒకావిడ ఎనిమిదేళ్ల పిల్లను తీసుకొచ్చింది. పిల్లకు తండ్రి లేడు. తల్లి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఈవిడ మేనత్త, పిల్ల ఉండేది ఈమె ఇంట్లోనే.

"మెట్ల మింద పడిందమ్మా. పెదివి వాసిపోయుండాది," అంది మేనత్త.

పెదవి ఎత్తి చూశాను. పెదవిని చిగుళ్లకు పట్టి ఉంచే సన్నటి పొర చిరిగిపోయింది. ముందుపన్ను ఒకటి నల్లబడింది. అది ఈ దెబ్బ కాదు, నెలల కిందటిది. మెట్ల మీద పడ్డ పిల్లకు మోకాళ్లో మోచేతులో దోక్కుపోవాలి. అక్కడ గీత కూడా లేదు. చెవి వెనకాల మాత్రం గోళ్లు దిగిన గుర్తులున్నాయి.

"ఎక్స్‌రే గదిలోకి పిల్ల ఒక్కతే రావాల," అని తలుపు మూశాను. పక్కన కూర్చుని, "ఏమైందో సెప్పాలనిపిస్తే సెప్పు తల్లీ," అన్నాను.

పిల్ల తలుపు వైపు చూసింది. "అత్త సెంబుతో కొట్టింది. పడ్నానని సెప్పమనింది."

అక్కడి నుంచే పిల్లల సంక్షేమ అధికారులకు ఫోన్ చేశాను. మేనత్తకు అనుమానం వచ్చి భర్తను పిలిపించింది. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి, వస్తూనే నా మీదికి లేచాడు.

"మా ఇంటి సంగతి నీకు యాలమ్మా? పండ్లు పీకేదానివి, పండ్లు పీక్కో."

"నోట్లో ఉండేదంతా నా పనేనప్పా. దెబ్బ నోట్లోనే ఉండాది."

"ఈ ఊర్లో ఆసుపత్రి ఎట్ల నడుపుతావో సూస్తా."

"సూడు. రేపు ఇంకో బిడ్డ వచ్చినా ఇదే చేస్తా."

అధికారులు వచ్చేదాకా ఆయనకూ పిల్లకూ మధ్య నుంచి కదల్లేదు.

ఆ నెలలోనే ఆసుపత్రి గది యజమాని ఖాళీ చేయమన్నాడు. చేశాను. కుర్చీ, లైటు టెంపోలో వేసుకుని మదనపల్లెలో మళ్లీ తెరిచాను. "మనకెందుకు ఈ గొడవలు" అన్న తోటి డాక్టర్లను ఒకటే అడిగాను: మనం కాకపోతే ఆ పెదవి ఎత్తి చూసేదెవరు?

మేనత్త మీద కేసు నడుస్తోంది. తల్లి బెంగళూరు వదిలి, పిల్లను తీసుకుని కుప్పంలోని పుట్టింటికి చేరింది. నల్లబడ్డ పన్నుకు వైద్యం కోసం అంత దూరం నుంచి నా దగ్గరికే తెచ్చింది.

పిల్ల కుర్చీ ఎక్కి, వేలు చూపిస్తూ నాకు షరతు పెట్టింది. "నొప్పైతే సెయ్యెత్తుతా. నువ్వు నిలిపెయ్యాల."

"నిలిపేస్తా."

నేను మొదలుపెట్టకముందే చెయ్యెత్తింది. ఆగాను. కాసేపటికి మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగాను. నా మొహంలోకి బాగా చూసి, "ఇంగ కానీ," అంది.