జయరామయ్య సెల్లుల సంసారం

కొత్తచెరువులో పాత్రల అంగడి నడిపే జయరామయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం వక్కపొడి అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఏ వస్తువులోనైనా సెల్లు పనీపాటా లేకుండా కూచుంటే ఆయన ఓర్చుకోలేడు. టార్చిలైటు ఆర్పిన మరుక్షణం దాంట్లో సెల్లులు తీసేస్తాడు. రిమోటు కింద పెడితే తీసేస్తాడు. ఒకసారి గోడ గడియారం మీద కూడా ఆయన చూపు పడింది.

"మనం పండుకున్నాక దాన్ని ఎవురు చూస్తారే?" అన్నాడు.

భార్య పద్మావతమ్మ గడియారానికి అడ్డంగా నిలబడింది కాబట్టి అది బతికిపోయింది.

"వాన పడని సీమలో పుట్టినోన్ని. ఊరికే కారిపోయేది ఏదైనా నాకు బయమే," అనేవాడాయన. పైగా చిన్నప్పుడు సెల్లు కారి వాళ్ల నాయన రేడియో లోపలంతా చిలుం పట్టి మూగబోయిందట. పెళ్లయిన కొత్తలో ఈ కథ విని పద్మావతమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత్తర్వాత, ఆ రేడియోనే అదృష్టవంతురాలు, ముందే తప్పించుకుంది అనుకునేది.

ఆ ఇంట్లో సెల్లులకు ఉద్యోగాలుండేవి. కొత్తగా వచ్చింది టార్చిలో చేరుతుంది. వెలుగు మందగిస్తే రిమోటుకు బదిలీ. రిమోటు కూడా వద్దంటే గడియారానికి. ముల్లు నెట్టడానికి పెద్ద సత్తువ అక్కర్లేదు గనుక ముసలి సెల్లులన్నీ అక్కడే కాలం వెళ్లదీసేవి.

"మరి నన్ను యాడ పెట్టినారు?" అని పద్మావతమ్మ ఒకరోజు అడిగింది.

"అంటే?"

"టార్చిలో ఉండానా, రిమోటుకు వచ్చినానా, గడియారమా?"

'కొత్త సెల్లు మాదిరే ఉండావులే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. జయరామయ్య ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. అదీ ఆమెకు కాలింది.

ఇక టీవీ సంగతి. సీరియల్లో అత్త కోడలికి విషం గ్లాసు అందించే సమయంలో ప్రకటనలు వచ్చేవి. ప్రకటనల గోల తగ్గించాలంటే రిమోటు కావాలి. రిమోటుకు సెల్లులు కావాలి. సెల్లులకు జయరామయ్య కావాలి. ఆయన అంగడిలో ఉండేవాడు. ఆయన వచ్చి, బీరువా తెరిచి, డబ్బా తీసి, ఏ సెల్లు ఎంత అలిసిందో విచారించి వేసేసరికి సీరియలు అయిపోయి వార్తలు వచ్చేవి. ఆ కోడలు విషం తాగిందో లేదో పద్మావతమ్మకు ఇప్పటికీ తెలియదు. "తాగే ఉంటాది. నేనైతే తాగేసుంటా," అనేది పక్కింటివాళ్లతో.

కొన్నాళ్లకు కూతురు కల్పన బెంగళూరు నుంచి సెల్లులతో మోగే తలుపుగంట తెచ్చి బిగించి పోయింది. మర్నాడు బట్టల అంగడి అనిల్ కుమార్ గుమ్మం ముందు నిలబడి ఫోను చేశాడు.

"అన్నా, మీ ఇంటి ముందరే ఉండా. గంట కొట్టల్ల. సెల్లు ఎయ్యన్నా."

జయరామయ్య లేచి, సెల్లులు తెచ్చి, గంటలో వేసి, మళ్లీ వచ్చి కుర్చీలో కూచున్నాడు. గంట మోగింది. లేచిపోయి తలుపు తీశాడు.

"నేరుగా తలుపే తీయొచ్చు గదండీ?" అంది పద్మావతమ్మ.

"మరి గంట ఎందుకు పెట్టిచ్చినట్లు?"

దీనికి జవాబు ఉందేమోనని ఆమె రెండు రోజులు వెతికి వదిలేసింది.

సెల్లు బతికుందో లేదో చూడటానికి ఆయన దాన్ని నేల మీద నిలువుగా వదిలేవాడు. బతికున్నది దబ్బుమని పడి అక్కడే ఆగుతుందట. చచ్చింది ఎగిరి గంతేస్తుందట. అలా గంతేసిన ఒకటి వంటింట్లోకి దొర్లింది. పద్మావతమ్మ దాని మీద కాలు వేసి, సాంబారు గిన్నెతో సహా వెల్లకిలా పడింది. జయరామయ్య పరిగెత్తుకొచ్చాడు.

"సెల్లు పగల్లేదు గదా?"

ఆమె నేల మీది నుంచే ఆయన వంక చూసింది. తిడదామనుకుంది గాని నవ్వొచ్చింది. "నేను ఎగరలేదండీ. దబ్బుమని పడి ఆడే ఉండిపోయినా. అంటే నాలో ఇంకా చార్జి ఉండాదన్నమాట. లేపండి."

ఇదంతా ఇంట్లో భాగోతం. ఇల్లు దాటనంతవరకు పద్మావతమ్మ భరించింది. ఆమె తల కొట్టేసినట్లయ్యేది మాత్రం బుధవారాల్లో. ఆరోజు మధ్యాహ్నం ఆయన గుడ్డసంచి భుజాన వేసుకుని ఊరి చివర కాలనీకి పోయి, ఇల్లిల్లూ తిరిగి అయిపోయిన సెల్లులు అడిగి తెచ్చుకునేవాడు. కూలికిపోయే వాళ్ల ఇళ్లు అవి. అంత పెద్ద అంగడి పెట్టుకుని, వాళ్ల దగ్గర చచ్చిన సెల్లులు అడుక్కోవడమేమిటి! అటక మీద వాటి డబ్బాలు పేరుకుపోతున్నాయి. బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లకు పోతే "సెల్లుల జయరామయ్య భార్య" అని పరిచయం చేసేవారు. బి.ఏ. చదివి నేను సంపాదించుకున్న బిరుదు ఇదీ అని ఆమె తన మీద తనే జాలిపడి, పడినందుకు మళ్లీ నవ్వుకునేది.

మొన్న ఎండాకాలంలో జయరామయ్యకు విషజ్వరం వచ్చింది. బుధవారం పొద్దున్నుంచి మంచం మీద ఒకటే దొర్లాట.

"ఏమే, కాలనీకి నువ్వు పోయి రావల్ల."

"నేనా! చచ్చిన సెల్లులకా! నాకూ ఆ సంచి తగిలిస్తారా?"

"రెండే ఇండ్లు. తిప్పయ్య ఇల్లు, రూతమ్మ ఇల్లు. మిగిలినోళ్లు వచ్చేవారం. పాతది తీసుకో, ఈ డబ్బాలోది ఒకటియ్యి. పాతది తీసుకోకుండా మాత్రం ఇయ్యొద్దు. రేపు రూతమ్మ కూతురి పెండ్లి. పోకపోతే నేనే లేచి పోతా."

లేవబోయి మళ్లీ పడ్డాడు. మనిషి ఒళ్లు కాలిపోతోంది. పద్మావతమ్మ డబ్బా సంచిలో వేసుకుని, కొంగు నెత్తి మీదుగా మొహం దాకా లాక్కుని, ఎవరూ చూడకూడదని సందుల్లో నుంచి నడిచింది. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ "ఏం పద్మావతమ్మా, సెల్లులకా?" అని పలకరించారు.

తిప్పయ్య ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. అరుగు మీద కూచుని ఉన్నాడు.

"సెల్లు కోసం వచ్చినానన్నా!" అంది.

"చెల్లెలా? నాకు చెల్లెండ్లు లేరే!" అని అరిచాడు తిప్పయ్య.

"సెల్లు! సెల్లు!"

"లేదంటాండా గదమ్మా! అందరమూ అన్నదమ్ములమే!"

వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. చివరకు ఆమె సంచి ఎత్తి చూపిస్తే ఆయన దాన్ని గుర్తుపట్టి, మొల్లో నుంచి చిన్న బొత్తాం లాంటి సెల్లు తీసి ఇచ్చాడు. ఆమె డబ్బా తెరిచింది. లోపల చెవి మిషన్లకు వేసే కొత్త సెల్లులు, స్టిక్కర్లు కూడా ఊడనివి, వరసగా ఉన్నాయి. తిప్పయ్య ఒకటి అందుకుని, స్టిక్కరు పీకి, కాసేపు గాలికి పెట్టి, మిషన్లో వేసి చెవికి తగిలించుకున్నాడు. వెంటనే ఆయన గొంతు మామూలు మనిషి గొంతయింది.

"ఎప్పుడో క్యాంపు పెట్టి మిషన్లు ఊరికే ఇచ్చినారమ్మా. సెల్లులు ఎవురిస్తారు? అందరం పెట్టెల్లో పడేసినాము. ఇంగ మీ ఆయనకేమో ఈ పాత సెల్లులు యాడో కంపెనీకి పంపల్నంట. పంపకపోతే చానా నష్టమంట. పాతది ఇస్తే కొత్తది ఇస్తానని కాళ్లా యేళ్లా పడినాడు. మంచోడు, పోనీలే, మన చేత ఒకనికి మేలు జరుగుతాదని దాచిపెట్టి ఇస్తాండాము."

ఆ కంపెనీ తన ఇంటి అటక మీదే ఉందని అక్కడ పద్మావతమ్మ ఒక్కదానికే తెలుసు.

రూతమ్మ ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. ఆమె ఓ పక్క శెనక్కాయల కుప్ప ముందు కూచుని బిత్తరపోయి చూస్తోంది. ఒంటరిగా కూలి చేసి కూతురు జాయ్‌ని చదివించిన మనిషి. ఎవరి దగ్గరా చేయి చాచింది లేదు. పద్మావతమ్మ చేతిలోని సంచి చూడగానే లేచి, గట్టిగా చెప్పింది.

"అమ్మా, పాత సెల్లు పోయింది! కాయలు ఒలుస్తాంటే చెవిలో మిషను మూగబోయె. తీసి ఒళ్లో పెట్టుకుంటి. యాడ పడిందో ఏమో!"

పద్మావతమ్మ కొత్త సెల్లు చేతిలో పెట్టబోయింది. రూతమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పాతది లేకుండా ఎట్ల తీసుకుంటానమ్మా? నేనేం బిచ్చానికి కూచున్నానా?"

రేపు పెళ్లి కదా అని పద్మావతమ్మ సైగలు చేసింది. రూతమ్మ కళ్లు తుడుచుకుంది. "పెండ్లే! నా బిడ్డ చర్చిలో 'సమ్మతమే' అనే మాట వినల్లని ఎన్నాళ్ల నుంచో కాచుకోనుండా. వినబడకపోతే ఏమాయె, దాని పెదాలు చూస్తాలే." అయినా చెయ్యి మాత్రం చాచలేదు.

పద్మావతమ్మ చీర ఎగదోపి శెనక్కాయల్లో కూచుంది. ఇద్దరూ చాటలు పట్టి చెరగడం మొదలుపెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. మట్టిగడ్డలు దొరికాయి, చింతగింజంత రాయి దొరికింది, పిల్లల బొత్తాం ఒకటి దొరికింది. సెల్లు దొరకలేదు. సగం కుప్ప అయ్యేసరికి పద్మావతమ్మ నడుం పట్టేసింది. అప్పుడు ఆమె జీవితంలో మొదటి మోసం చేసింది. సంచిలో నుంచి తిప్పయ్య ఇచ్చిన చచ్చిన సెల్లు తీసి గుట్టుగా చాటలో జారవిడిచి, "దొరికిందో!" అని కేక పెట్టింది.

అదే క్షణాన రూతమ్మ తన చాటలో నుంచి ఇంకొకటి ఎత్తి పట్టుకుంది. "దొరికిందమ్మా!"

ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు.

"నాకుండేది ఒక్క మిషనే. రెండు సెల్లులు ఎట్ల వచ్చె?" అంది రూతమ్మ.

పద్మావతమ్మకు బి.ఏ.లో ఇలాంటి ప్రశ్నకు జవాబు నేర్పలేదు. "శెనక్కాయల్లో పడింది గదా అక్కా," అని చేతులు ఊపుతూ అరిచింది, "తడికి మొలకెత్తి పిల్ల పెట్టిందేమో!"

రూతమ్మకు ఎంత వినపడిందో గాని, పెదాలు చదివి పకపకా నవ్వింది. రెండు పాతవీ సంచిలో వేసి, లెక్క ప్రకారం రెండు కొత్తవి దర్జాగా తీసుకుంది.

ఇంటికొచ్చి పద్మావతమ్మ మంచం పక్కన కూచుంది. "ఏ కంపెనీకండీ పంపేది?"

జయరామయ్య గోడ వైపు తిరిగాడు. "పాత గిన్నె తెచ్చి కొత్త గిన్నె తీసుకపోయే జనమే అది. ఊరికే ఇస్తే ఆ ముసలోళ్లు ముట్టుకుంటారా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే పొగుడుతావు. పొగిడితే ఊరంతా తెలుస్తాది. తెలిస్తే వాళ్లు తీసుకోరు."

ఇన్నేళ్లలో తనను అంత సరిగ్గా లెక్కగట్టిన మాట ఇంకొకటి లేదని పద్మావతమ్మ ఒప్పుకుంది. తడిగుడ్డ పిండి ఆయన నుదుటి మీద వేసింది.

మర్నాటికి జ్వరం జారింది. ఇద్దరూ చర్చిలో వెనక బెంచీ మీద కూచున్నారు. ముందు వరసలో రూతమ్మ, చెవిలో మిషను, కొత్త చీర. పాస్టరయ్య పెళ్లికొడుకును అడిగాడు, ఆ కుర్రవాడు గట్టిగానే చెప్పాడు. తర్వాత జాయ్‌ని అడిగాడు, ఇతన్ని భర్తగా స్వీకరించడానికి నీకు సమ్మతమేనా అని. జాయ్ సిగ్గుతో తల వంచుకుని ఏదో గొణిగింది. పక్కనున్న వాళ్లకు కూడా వినపడలేదు. పాస్టరయ్య ముందుకు వంగి, "ఏమ్మా, సమ్మతమేనా?" అని మళ్లీ అడిగాడు.

ముందు వరసలో నుంచి రూతమ్మ లేచి నిలబడింది.

"చెప్పింది గదా అయ్యగారూ, సమ్మతమే అని! ఈడ కూచున్న నాకే బాగా వినబడె. మీకు గానీ మిషను కావల్నా ఏమి?"