ఒక్కొక్కరినీ పిలిచిన ముత్తమ్మ

నర్సింహులపేట దగ్గరి ఒక పల్లెలో ముత్తమ్మ నాట్ల కూలీలకు పెద్ద. 1948 ఎండాకాలంలో, దొరలకు ఎదురు తిరిగిన సంఘం ఆమెకు కొత్త పని అప్పగించింది: రజాకార్లు వస్తే ఎవరేం చెయ్యాలో ఊరికి నేర్పడం. ఊరి డప్పు కొట్టే భిక్షపతి ఒక దెబ్బ వేస్తే ఆడవాళ్లు పిల్లలతో వాగులోకి దిగాలి. రెండు దెబ్బలకు వడిసెలలున్న మగవాళ్లు రాళ్లతో సిద్ధం కావాలి.

నాలుగు రోజులు ఊరంతా కలిసి సాధన చేసింది. ఒక్కరూ తప్పలేదు. అయినా ముత్తమ్మకు నమ్మకం కుదరలేదు.

"గుంపుల నాటేస్తే ఎవరి చెయ్యి తప్పుతున్నదో తెల్వది. ఒక్కొక్కర్ని చూడాలె" అంది.

మర్నాడు పొద్దున్నే పశువుల కొట్టం ఖాళీ చేయించి ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. భిక్షపతి గోడ వెనక డప్పు పట్టుకున్నాడు. ఏ దెబ్బ పడబోతోందో, దానికి మనిషి ఏం చెయ్యాలో ముత్తమ్మ పక్కింటి సారమ్మకు ముందే చెప్పేది. మనిషి చేసింది దానితో సరిపోతే సారమ్మ ముంతలో చింతగింజ వేసేది, తప్పితే గులకరాయి. అప్పటిదాకా తప్పినవాళ్లు ముగ్గురే, వాళ్లకు అక్కడే మళ్లీ నేర్పింది.

ఆఖరున ఆమె అన్న పోశాలు వచ్చాడు. బురుజు మీద ఒంటరిగా కాపలా ఉండేది అతనే.

రెండు దెబ్బలు మోగాయి. పోశాలు కదల్లేదు. చెల్లెలి ముఖం చూసి నవ్వుతున్నాడు.

"మళ్ల కొట్టు!" అని ముత్తమ్మ భిక్షపతిని కేకేసింది.

గోడ అదిరేలా మోగింది. అదే నవ్వు.

ముత్తమ్మ అతని వెనక్కి వెళ్లి అరిచింది: "అన్నా, ఇల్లు కాలుతున్నది!"

అతను తిరగలేదు. రెండు నెలలుగా ఆమె ఒకే ఇంట్లో అతనికి గంజి పోస్తోంది; ఒక్కసారీ కనిపెట్టలేదు.

సారమ్మ ముఖం చూసి పోశాలుకు అర్థమైంది.

"రెండు నెలల కింద దొర తన గడిల నన్ను కొట్టినప్పటి సంది చెవులు పోయినయి. నలుగురు ఎటు పోతే గటు పోయిన. చెప్తే కాపలా తీసేస్తరని..."

"బురుజు మీంచి దించుదాం అక్కా" అంది సారమ్మ.

ముత్తమ్మ ఒప్పుకోలేదు: "కండ్లు మంచిగనే ఉన్నయి గద. తోడు ఇంకొకర్ని పెడదాం."

ఊరి కుర్రాడు దానియేలును తోడిచ్చింది. డప్పు మోగితే అతను పోశాలు భుజం తట్టాలి, ఎన్ని దెబ్బలకు అన్నిసార్లు. దాన్ని కూడా పదిసార్లు చూసిగాని వాళ్లను బురుజెక్కనివ్వలేదు.

పదిరోజులకు తొర్రూరు దారిలో లారీల దుమ్ము మొదట చూసింది పోశాలే. ఆ దాడిలో నాలుగిళ్లు కాలాయి; ప్రాణాలు మాత్రం దక్కాయి.

"లారీలను చూసి గంత బెదరలే," అనేది ముత్తమ్మ ముసలితనంలో. "ఆ పొద్దు కొట్టంల నా అన్న తిరగకపాయె చూడు, గప్పుడు ఆగింది గుండె."