అన్న చేయించిన రంగు తుపాకి

మా ఇంటి కిరోసిన్ స్టవ్వుకు మొండితనం ఎక్కువ. ఆ ఏడు హోళీకి ముందు దాని పంపు మళ్లీ గాలి పట్టడం మానేసింది. చలికాలంలో కామెర్లతో అన్న పోయాక ఇలాంటి పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. తిట్టుకుంటూనే స్టవ్వును సంచిలో వేసుకుని మాదన్నపేట నుంచి శాలిబండకు నడిచాను. అక్కడ తాళాలు, గొడుగులు, స్టవ్వులు బాగుచేసే చాచా దగ్గరికి ఎప్పుడూ అన్నే వెళ్లేవాడు.

చాచా స్టవ్వును చూడగానే నేనెవరింటి పిల్లనో పోల్చుకున్నాడు.

"మీ అన్న ఏడ వోయిండు బేటీ? బందూకు తయారై మస్తు దినాలాయె. తీస్కపోనీకె రాడేంది?"

ఏ బందూకో నాకు తెలియదు. అన్న లేడని చెప్పాను. చాచా చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. "యా అల్లా" అన్నాడు. బల్ల కింద నుంచి గోనెపట్టా చుట్టిన వస్తువొకటి తీసి నా ముందు పెట్టాడు.

అలాంటి తుపాకిని నేనెక్కడా చూడలేదు. గొట్టం సైకిల్ పంపుది. లోపల గట్టి స్ప్రింగు, దాన్ని వెనక్కి లాగి ఆపడానికి చిన్న తలుపు గడియ. పట్టుకునే చోట పాత మంచం కోడు ముక్క, దాని మీద ఎర్ర, పచ్చ చారలు ఇంకా పోలేదు. ఇది అన్న బుర్రలో పుట్టిందని ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట్లో మేకు కొట్టమంటే నెల తిప్పే మనిషి, పనికిరాని వాటికి మాత్రం తిండి మానుకుని కష్టపడేవాడు.

అది రంగు బుడ్డలు కొట్టే తుపాకి. చాచా భార్య ఇంట్లో లక్క గాజులు చేస్తుంది. అన్న అడిగితే ఆమె లక్కను వేడిచేసి, ఊది, రేగుపండంత పల్చటి బుడ్డలు చేసిందట. వాటిలో గులాబీ రంగు గులాల్ పొడి నింపింది మాత్రం అన్నే, ఆ దుకాణం అరుగు మీద కూర్చుని. మనిషికి తగిలితే బుడ్డ చితికి రంగు పడుతుంది.

"హోళీ నాడు మీ వదిన పై అర్రల దాక్కుంటదంట గద," అన్నాడు చాచా. "ఈసారి గల్లీల నిలవడి కొడ్త, ఇడువ అన్నడు. గురి చూసుకుంట చూసుకుంట బుడ్డలన్ని ఈ గోడకే కొట్టిండు. ఒక్కటి మిగిలింది."

గోడ మీద గులాబీ మరకలున్నాయి. నేను తల తిప్పుకున్నాను.

మిగిలిన బుడ్డ టీ గ్లాసులో, దూది మధ్య ఉంది. చాచా గొట్టంలో కాగితం ఉండ పెట్టి పేల్చి చూపించాడు. అది ఎదుటి గోడకు టప్పున తగిలింది. వద్దంటున్నా అన్న ఇవ్వాల్సిన మిగతా డబ్బు ఆయన చేతిలో పెట్టి తుపాకి, బుడ్డ ఉన్న గ్లాసు తీసుకున్నాను. అన్న కొనాలనుకున్నదాన్ని కొనే తేవాలనిపించింది.

"దాచుకునేది కాదు బేటీ," అన్నాడు చాచా. "ఎండలు ముదిరితే లక్క మెత్తవడ్తది. రంగంత ఒలికిపోతది."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. అమ్మ వింటేనా. మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో, చల్లగా ఉంటుందని, బుడ్డను గ్లాసుతో సహా పాతింది.

"వాడు చేతులార నింపిండు. ఎవ్వరు ముట్టద్దు," అంది.

వదిన సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో అన్న కంచన్‌బాగ్‌లో డ్యూటీ దిగి వస్తూ, గల్లీలోంచి ఊచలు లేని మా మేడ కిటికీలోకి ఏదో ఒకటి విసిరేవాడు. చింతగింజ, మల్లెమొగ్గ, ఒకసారి సగం కొరికిన జామకాయ. అందుకని ఆమె ఆ కిటికీ ముందు నుంచి నడుము వంచి, తల దాచుకుని నడిచేది. అన్న పోయాక కూడా అలాగే నడిచేది. చంకలో బట్టల మూట ఉన్నా సరే, కిటికీ రాగానే వంగేది. ఆమె వంగినప్పుడల్లా నేను గల్లీలోకి తొంగిచూసేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. అయినా ఆమె వంగుతున్నంతకాలం అన్న వస్తాడేమోనని ఆశ. వస్తే ఎలాగని భయం కూడా.

ఏడాది దాకా మాకు పండుగల్లేవు. ఆ హోళీ నాడు తలుపులు మూసుకుని, బయటి గోల వింటూ కూర్చున్నాం. మధ్యాహ్నం అమ్మ గ్లాసు తీసి చూసి అక్కడే కూలబడింది. బుడ్డ ఒక పక్క సొట్టపడింది. తడిమి చూస్తే ఆమె వేలిముద్ర దాని మీద దిగింది.

వదిన వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ఇది ఎట్లయినా దక్కది. నన్ను కొడ్తనని చేయించుకున్నడు. కొట్టనియ్యిండ్రి."

మొగుడు పోయిన మనిషి మీద మా గల్లీలో ఎవరూ రంగు చల్లరు. అమ్మ అదే అంది. "నీకు రంగేంది బిడ్డా గిప్పుడు? నలుగురు ఏమంటరు?"

"ఆయన నింపిన రంగే గద. అంటే అననియ్యిండ్రి."

అమ్మ గ్లాసు నాకిచ్చింది.

రంగులాడినవాళ్లంతా స్నానాలకు పోయాక నేను తుపాకి పట్టుకుని గల్లీలో నిలబడ్డాను. అమ్మ గడపలో కూర్చుని మొహం అటు తిప్పుకుంది. పైన వదిన కిటికీ తెరిచి నిలబడింది. స్ప్రింగు లాగి, బుడ్డ పెట్టి, గురిచూశాను. ఎంతైనా వదిన వంగుతుందనే అనుకున్నాను. వంగలేదు.

గడియ తీశాను. బుడ్డ ఆమె భుజం మీద చితికి, గులాబీ రంగు మెడ దాకా లేచింది. వదిన నావైపు చూడలేదు. నా వెనక, అన్న రోజూ తిరిగి వచ్చే మలుపు వైపు చూస్తోంది. చూసి నవ్వింది. తిరిగి చూశాను. మలుపు దాకా రంగునీళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ ఇటు తిరిగేసరికి కిటికీ మూసి ఉంది.

మర్నాడు వదిన బట్టలు ఆరేయడానికి ఆ కిటికీ ముందు నుంచి నిటారుగా నడిచి వెళ్లింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నను ఆమే సాగనంపినట్టు అనిపించింది.

"వంగవేంది వదినా?"

"ఎందుకు పిల్లా?" అంది ఆమె. "కొట్టిండు గద."

ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ కిటికీ ముందు వంగి నడిచింది నేను.